నిక్షేప ధర్మము - నేటి సమాచార చట్టము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగా ఒక రిజిస్టరు వ్రాయబడుచున్నది. ఎవరు ఏ పుస్తకమును ఏ దినమున తీసికొనిపోయిరో అందు కలదు. చూచుటకు అది తేదీల పట్టిక మాత్రమే. కాని ఒక వ్యక్తి ఐదేండ్లలో చదివిన పుస్తకముల పేర్లను వరుసగా పరిశీలించినచో, అతని వ్యాధి యేమో, వ్యాజ్యమేమో, రాజకీయాభిప్రాయ మేమో కొంతవరకు ఊహింపవచ్చును. ఆ రిజిస్టరును కంప్యూటరునకు ఎక్కింప సంకల్పించిన ఈ తరుణమున, అందలి సమాచారము ఎవరిది అను ప్రశ్న విచారింపదగియున్నది.

పూర్వులు ఈ ప్రశ్నకు మూలసూత్రమును చెప్పియేయున్నారు. యాజ్ఞవల్క్యస్మృతి యందు నిక్షేపమును గూర్చిన ప్రకరణము కలదు. పెట్టెలో నుంచి, లోన నేమున్నదో చెప్పక ఒకని చేతికి అప్పగించిన వస్తువును అతడు యథాతథముగ తిరిగి యీయవలెనని యందలి విధి. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో కేతన తెనిగించెను. దాచుమని యిచ్చిన సొమ్ము దాచువానిది కాదు, నమ్మి యిచ్చినవానిదే.

మనుష్యుని గోప్యతకు రాజ్యాంగ రక్షణ కలదా యను చర్చ స్వతంత్ర భారతమున చిరకాలము సాగినది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అనువాడు దోపిడి కేసులో సాక్ష్యము లేక విడువబడినను, పోలీసులు అతనిపై నిఘా యుంచి రాత్రివేళ తలుపు తట్టుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టివేసినది. అయినను గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు పలికిరి. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు మాత్రము, అది వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమే యని భిన్నమైన తీర్పు వ్రాసిరి. ఏబదియైదేండ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కే యని ఏకగ్రీవముగ నిర్ణయించిరి.

తదుపరి 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. సమాచారము సేకరించువానికి ఈ చట్టము పెట్టిన పేరు ‘డేటా ఫిడ్యూషియరీ’. నమ్మి యప్పగింపబడినవాడని దాని భావము. కేతన నాటి నిక్షేపధారియే యనవచ్చును. ప్రభుత్వ పథకములు మొదలగు కొన్ని చట్టసమ్మత కార్యములకు తప్ప, సమాచారము పుచ్చుకొనుటకు సమ్మతి కావలెను. ఆ సమ్మతి స్వేచ్ఛగ, తెలిసి, నిర్దిష్టమైన పనికొరకు ఈయబడవలెను. ఏ సమాచారము ఎందులకో తెలుపు నోటీసును తెలుగున చదువుకొను అవకాశము కల్పింపవలెను. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభముగనే ఉపసంహరించుకొనవచ్చును. తప్పులు దిద్దించుటకును, పని తీరిన సమాచారమును తుడిపించుటకును హక్కు కలదు. భద్రత లోపించి సమాచారము బయటపడినచో జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చును. 2025 నవంబరులో నియమములు వెలువడినవి; ముఖ్యవిధుల అమలునకు మాత్రము 18 మాసముల గడువు పెట్టబడినది.

ఇందు లోపములు లేకపోలేదు. దేశభద్రతాది కారణములపై కేంద్రప్రభుత్వము తన శాఖలకు మినహాయింపు నీయవచ్చును. అట్టిచోట పౌరునకు 2017 నాటి తీర్పే ఆధారము.

చట్టమెంతటిదైనను, వ్రేలిముద్ర వేయువాడు ‘ఇది ఎందులకు?’ అని యడుగనిచో నిరర్థకము. రహస్యసంఖ్య బయటపడినచో మార్చుకొనవచ్చును, వ్రేలిముద్రను మార్చుటెట్లు? ఆధార్ వ్రేలిముద్రలకు తాళము వేసికొను సదుపాయము కలదు, దానిని వినియోగించుకొనవలెను. ఫోనునకు వచ్చిన ఓ.టి.పి.ని అన్యునకు చెప్పుట ఇనుపపెట్టె తాళపుచెవి నిచ్చుటయే. మోసపోయినవారు సిగ్గుపడి యూరకుండక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చేతులు మారిపోవును.

ఇక గ్రంథాలయపు రిజిస్టరు. కాగితముపై నున్నంతవరకు అది ఈ చట్టపు పరిధిలోనికి రాదు. కంప్యూటరున కెక్కినచో వచ్చును. ఎక్కించునపుడు పాఠకుని పేరు, చిరునామా, ఫోను నంబరు చాలును. కులము, ఆదాయము, ఆధార్ సంఖ్య అనవసరములు. పుస్తకము తిరిగివచ్చిన పిదప, చదివినవారి పేరును ఆ పద్దునుండి తుడిచివేయుట మేలు. పుస్తకము చేరినదను గుర్తున్నచో లెక్క సరిపోవును. తన్నెవరో గమనించుచున్నారను శంక కలిగిన పాఠకుడు, తనకు మిక్కిలి యవసరమైన పుస్తకమునే ముట్టక వెడలిపోవును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామప్రజలు ఈ బీరువాలను నమ్మి వచ్చినారు. ఆ నమ్మకమును చెక్కుచెదరకుండ కాపాడుట కార్యవర్గమువారి ధర్మము.

స్వస్తి.