ఆగిన మెట్టు నుంచే మొదలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం చదువుకున్నప్పుడు పీర్జాదిగూడ ఒక ఊరు. ఇప్పుడు నగరం. బిల్డింగు పనులకు వలస వచ్చినవారి పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఇక్కడి బడులకు వస్తున్నారు. పని చోటు మారితే వాళ్ల చదువు నడుమ ఆగుతుంది. అలాంటి బిడ్డకు పాఠం ఎక్కడి నుంచి చెప్పాలి?

మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ చుట్టూ ఉన్న పల్లె బడులు దీనికి దారి చూపాయి. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డుల మీద బొమ్మ గుర్తులుంటాయి. నిచ్చెన పటం చూసుకుని పిల్లలు తమ మెట్టుకు తగిన కార్డు తామే తీసుకుంటారు. కొంత టీచరుతో, కొంత తోటివారితో, కొంత సొంతంగా చేస్తారు. నెల రోజులు బడికి రాకపోయినా ఆగిన మెట్టు నుంచే మొదలు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని అందుకున్నాయి.

ఇంజనీరుగా ఒక మాట. ర్యాంపును ప్లానులోనే గీస్తే ఖర్చు తక్కువ, కట్టాక పగలగొట్టి పెడితే ఎక్కువ. పాఠానికీ అంతే. వెనుకబడ్డాక ట్యూషన్ పెట్టడం కన్నా, అందరికీ అందేలా ముందే అమర్చుకోవడం మేలు.

స్వర్ణోత్సవ నిధితో కమాను కట్టాలంటున్నారు. కడదాం. ముందు ప్రతి తరగతికి ఒక కార్డుల పెట్టె ఇద్దాం. ఏం రాయాలో టీచర్లు చెబుతారు. నెలకో శనివారం వచ్చి రాయడం, కత్తిరించడం, అతికించడం మన వంతు.