యాత్రికుని వానకోటు



వేసవి సెలవులు దగ్గరపడగనే ఢిల్లీలోని తెలుగు ఉద్యోగుల యిండ్లలో కేదార బదరీ యాత్రల ప్రసక్తి మొదలగును. స్వస్థలములనుండి తల్లిదండ్రులు, అత్తమామలు దిగుదురు. సెలవు మంజూరైనదా, రైలు టిక్కెట్లు దొరకినవా, కొండమీద అన్నము దొరకునా అని యెంతయో విచారణ జరుగును. వానకోటు మాత్రము ఋషీకేశములో బండి దిగిన పిమ్మట త్రోవప్రక్క అంగడిలో కొనబడును. అది పలుచని ప్లాస్టిక్ తొడుగు. వాననీటి నొక బొట్టైనను లోనికి రానీయదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

గౌరీకుండమునుండి కేదారనాథమునకు 2013 వరదల తరువాత ఏర్పడిన కాలిదారి సుమారు 16 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,600 మీటర్లు. అంత ఎత్తు ఎక్కువాని దేహము కొలిమివలె వేడెక్కును, చెమట ధారలు కట్టును. ప్లాస్టిక్ తొడుగులోనుండి ఆ చెమట ఆవిరై వెలికిపోవుటకు దారి లేదు. తొడుగు లోపలివైపుననే నీరై మరల చొక్కాకు అంటుకొనును. రెండు గంటలు నడచినవాడు కోటు విప్పి చూచి, ఎక్కడనో చిరిగినదని అంగడివానిని నిందించును. లోపల నున్నది వాననీరు కాదు, తన చెమటయే.

నడచునంతసేపు ఆ తడి బాధింపదు. మజిలీలో కూర్చున్న పది నిముషములకు తెలియును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని లాగికొనును. కేదారము 3,583 మీటర్ల ఎత్తున నున్నది. సాయంకాలపు గాలిలో తడిసిన నూలుచొక్కా ఒంటికి మంచుకట్టు కట్టినట్లే యుండును. మొదట వణకు, తరువాత మాట తడబాటు, అడుగు తప్పుట, మగత కలుగును. అప్పటికి వణకు ఆగినచో తేరుకొన్నాడని సంతోషింపరాదు; అది మరింత అపాయమునకు గుర్తు. 1996 ఆగస్టులో అమరనాథ యాత్రికులను అకాలపు మంచుతుఫాను చుట్టుముట్టగా 240 మందికి పైగా మరణించిరి. చలికి, అలసటకు తాళలేక పోయినవారే అధికులు. తగిన ఉడుపులు లేక వచ్చినవారు వారిలో ననేకులు.

వాననీటిని ఆపుట మనుష్యుడు ఎన్నడో నేర్చెను. 1823లో గ్లాస్గోలో చార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పూతను అదిమి కోటుగుడ్డను చేసెను. చెమటను వెలికి పంపుట మాత్రము చాలకాలము సాధ్యపడలేదు. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్, వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని మెల్లగా సాగదీసి సాగదీసి విసిగి, ఒక్క ఊపున లాగెను. అది తెగక, కంటికి కానరాని రంధ్రములతో ఎన్నో రెట్లు సాగెను. ఆ రంధ్రము నీటిబొట్టుకంటె మిక్కిలి చిన్నది, ఆవిరి అణువుకంటె పెద్దది. గోర్‌టెక్స్ అను గుడ్డ దానినుండియే పుట్టినది. తెలంగాణపు కురుమలకు ఈ పేర్లు తెలియకపోవచ్చును గాని, వారి గొంగడి ఇందులో సగము పనిని తరతరములుగా చేయుచునే యున్నది. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను పీల్చుకొనియు ఒంటికి తడిగా తోచదు. తడిసిన గొంగడిని మోయుట మాత్రము మోయువానికే తెలియును!

ఈ క్రొత్త గుడ్డలకును ఒక హద్దు కలదు. అమ్మువారు దానిని చెప్పరు. లోపల ఆవిరి ఒత్తిడి హెచ్చుగాను, బయట తక్కువగాను ఉన్నప్పుడే ఆవిరి వెలికి పోవును. హిమాలయముల చల్లగాలిలో ఆ భేదము మెండు. శ్రావణమాసపు కోనసీమలో బయటిగాలియే తేమతో నిండియుండును; అచ్చట వేలు పోసి కొన్న కోటుకంటె గొడుగు మేలు. కొనునప్పుడు చీటీపై 10,000 మిల్లీమీటర్లో, అంతకు మించియో నీటి ఒత్తిడికి ఆగునని వ్రాసియున్నదా, కుట్లపై లోపలనుండి పట్టీ అంటించి యున్నదా, చంకలక్రింద తెరచుకొను జిప్పులు కలవా అని చూడవలెను. ఈ మూడింటిలో జిప్పులే ఎక్కువ అక్కరకు వచ్చును. పైగుడ్డమీద నీటిబొట్లు జారక ఇంకిపోవుచున్నచో, ఆవిరి దారియు మూసికొనును. అప్పుడు కోటును ఉతికి పూత మరల వేయవలెను. లోపల నూలుబనియను తొడిగినచో ఈ శ్రమ యంతయు వ్యర్థము. సన్నని ఉన్నిది గాని, త్వరగా ఆరు పాలియెస్టరుది గాని ఉండవలెను.

ఇంటిల్లిపాదికి ఒకే రకపు కోటు కొనవలసిన పని లేదు. డోలీలో కూర్చుండు తల్లికి చెమట పట్టదు. ఆమెకు మందపు ఉన్నిబట్టలు, పైన ఆ చౌక ప్లాస్టిక్ తొడుగే చాలును. ప్రక్కన నడచు కుమారునికే గాలి ఆడు కోటు కావలెను. ఇద్దరి సంచులలోను ప్లాస్టిక్ కవరులో మూతికట్టిన పొడిబనియను, పొడిమేజోళ్ళు ఉండవలెను. గుడి కనబడగానే వరుసలో నిలుచుటకు పరుగెత్తక, మొదట బసలో వానిని మార్చుకొని పిదప దర్శనమునకు పోవలెను.