పాత ఛాయాచిత్రములు – జన్మదాతల జాడ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

మహాభారతమున కర్ణుని కథ ఎరుగనివారు ఈ సభలో లేరు. నదిలో కొట్టుకొనివచ్చిన పెట్టెలోని బిడ్డను సూతుడైన అధిరథుడును, అతని ఇల్లాలు రాధయు పెంచి పెద్దచేసిరి. బిడ్డతోబాటు వచ్చిన కవచకుండలములే అతని పుట్టుకకు సాక్ష్యములు. ఆ సాక్ష్యము ఎల్లప్పుడును కన్నుల యెదుటనే యున్నను దానిని చదివి చెప్పువారు లేకపోయిరి. కన్నతల్లి నోరు విప్పునప్పటికి యుద్ధము గడపలో నిలిచియుండెను. నిజము తెలిసిన పిమ్మట సైతము కర్ణుడు రాధను కాదనలేదు. రాధేయుడను పేరును విడువలేదు. జన్మదాతలను వెదకు బిడ్డలకు ఈ కథలో రెండు పాఠములు గలవు. సాక్ష్యము చేతిలో నుండగానే చదువవలెను. చదివిన పిమ్మట పెంచినవారిని మరువరాదు.

ఈ కాలమున కవచకుండలముల స్థానము ఛాయాచిత్రములది. ఇనుప పెట్టె అడుగున, పాత చీరల మడతలలో, ఒక పటము దొరకును. దానిలో సైనిక వేషమున ఒక యువకుడు, అతని ప్రక్కన ఒక యువతి. పేరు లేదు, తేదీ లేదు. వీరే కన్నవారని పెద్దలెవరో చెప్పియుందురు. ఆయన ఏ దళమున పనిచేసెను? ఏ దేశమున పోరాడెను? ఆమెను ఎచట కలిసికొనెను? ఈ ప్రశ్నలు బిడ్డ ముదిమి వరకు వెన్నంటి యుండును.

ఉషాపరిణయ కథలో చిత్రలేఖ రాజకుమారుల రూపములన్నియు వ్రాసి చూపగా, ఉష అనిరుద్ధుని గుర్తించెను. కాని ఉష అతనిని కలలోనైనను చూచియుండెను. తండ్రిని ఎన్నడును చూడని బిడ్డకు ఆ ఆధారమును లేదు. కావున ముఖము చూచి గుర్తించుట కాదు, పటమును లెక్క చూచినట్లు చూచుట నేర్వవలెను.

ఇందుకు లోకప్రసిద్ధమైన ఉదాహరణమొకటి కలదు. 1934వ సంవత్సరమున సుభాస్ చంద్ర బోసు వియన్నా నగరమున భారత స్వాతంత్ర్య పోరాటమును గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాయుచుండెను. వ్రాతపనిలో సహాయమునకై ఎమిలీ షెంకెల్ అను యువతిని నియమించుకొనెను. ఆ పరిచయము ప్రేమగా మారినది. 1937 డిసెంబరులో ఆస్ట్రియాలోని బాద్‌గాస్టైన్ అను వేడినీటి బుగ్గల ఊరిలో వారిద్దరును మిత్రులతోను, బోసు అన్నకుమారుడు అమియతోను కలిసి తీయించుకొన్న ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. ఆ నెలలోనే వివాహము రహస్యముగా జరిగినదని కుటుంబమువారి మాట. పటము మాత్రము ఆ సంగతి చెప్పదు. మిత్రుల నడుమ ఇద్దరు మనుష్యులు ఉండుటనే అది చూపును.

వారి కుమార్తె అనిత 1942 నవంబరు 29వ తేదీన వియన్నాలో జన్మించెను. తండ్రి ఆమెను కొన్ని వారముల శిశువుగా చూచి వెడలిపోయెను. 1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవునుండి జలాంతర్గామిలో బయలుదేరెను. ఆ ప్రయాణమున బోసు వెంట నున్న ఒకే ఒక భారతీయుడు మన హైదరాబాదువాడైన ఆబిద్ హసన్. ఏప్రిల్ నెలాఖరున, మడగాస్కరుకు దూరముగా నడిసముద్రమున, వారిరువురును రబ్బరు తెప్పపై జర్మను జలాంతర్గామినుండి జపాను జలాంతర్గామికి మారిరి. జపాను నావికుల నడుమ బోసు కూర్చుండి యున్న ఛాయాచిత్రము ఆ యాత్రకు సాక్షి. ఆబిద్ హసన్ పిమ్మట ఆజాద్ హింద్ ఫౌజులో ఇంఫాల్ రంగమున పనిచేసి, స్వతంత్ర భారతమున డెన్మార్కునకు రాయబారియై, తుదకు హైదరాబాదు చేరి 1984లో కన్నుమూసెను.

జర్మనీ విడుచుటకు ముందు బోసు తన యన్న శరత్ చంద్రునకు వంగభాషలో ఒక ఉత్తరము వ్రాసిపెట్టెను. తాను వివాహమాడితిననియు, కుమార్తె కలిగినదనియు, తనపై చూపిన ప్రేమనే వారిపైనను చూపుమనియు దాని సారాంశము. 1945 ఆగస్టులో బోసు మరణించెను. 1948లో శరత్ చంద్రుడు కుటుంబముతో వియన్నాకు పోయి వదినను కాదు, మరదలిని, ఆమె బిడ్డను కన్నులార చూచి తమవారిగా గ్రహించెను. ఎమిలీ టెలిఫోను కార్యాలయమున పనిచేసి కుమార్తెను పెంచెను. 1996 వరకు జీవించెను. అనిత అర్థశాస్త్రాచార్యురాలయ్యెను. ఆమెకు తండ్రి యనగా పటములు, ఉత్తరములు, తల్లి చెప్పిన మాటలు. ఈ మూడును ఒకదానినొకటి బలపరచినందువలననే ఆ సంబంధము చరిత్రలో నిలిచినది. ఒక్క పటమే యున్నచో లోకము నమ్మియుండదు.

పాతకాలపు పట్వారీ ఒక్క పహాణీ చూచి భూమి ఎవరిదో తేల్చెడివాడు కాడు. సేత్వారు తీసెడివాడు, హద్దుల రైతులను అడిగెడివాడు. అట్లే జన్మదాతల సంగతిలోను పటము, పత్రము, మనిషి అను మూడు సాక్ష్యములు కలియవలెను.

మొదట పటము. ముందువైపు కంటె వెనుకవైపు ఎక్కువ మాటలాడును. అచట ఛాయాగ్రాహకుని ముద్ర, ఊరి పేరు, సీసపు కడ్డీతో వ్రాసిన అంకె ఉండవచ్చును. పిమ్మట టోపీ బిళ్ల చూడవలెను. బిళ్లపై కిరీటమున్నచో అది 1950కి పూర్వపు సైన్యము. అశోకుని సింహములున్నచో గణతంత్రమునకు పిమ్మటిది. ఇచట తొందర పనికిరాదు. బిళ్లపై హైదరాబాదు రెజిమెంటు పేరున్నంత మాత్రమున ఆ సైనికుడు తెలంగాణమువాడని తలపరాదు. ఆంగ్లేయుల సైన్యములోని ఆ దళమున ఎక్కువగా కుమావూ కొండలవారును, ఉత్తరాది జాట్లును, అహీరులును ఉండిరి. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంటుగా మారినది. నిజాము ప్రభుత్వపు సొంత సైన్యము వేరు. 1941 డిసెంబరు 8న జపానువారు మలయాలోని కోటబారు తీరమున దిగినప్పుడు అచటి విమానాశ్రయమును కాచుచుండినది ఆ నిజాము సైన్యములోని పదాతిదళమే. ఈ భేదమెరుగని బిడ్డ తండ్రిని రాణీఖేతులో వెదకును. తండ్రి జాడ మలయాలో నుండును.

ఖాకీ దుస్తు లన్నియు సైన్యమువి కావు. పోలీసులు, రైలు ఉద్యోగులు, బొగ్గు గనుల కావలివారు గూడ ఖాకీ ధరించిరి. స్త్రీ దుస్తును సైతము పరికింపవలెను. 1942లో భారతదేశమున స్త్రీల సహాయక సైన్యము ఏర్పడినది. 1943లో సింగపూరున ఝాన్సీరాణి దళము పుట్టినది. పటములోని తల్లి ఒకరి భార్య మాత్రమే కాక తానును సైనికురాలై యుండవచ్చును. ఝాన్సీరాణి దళ నాయకురాలు డాక్టరు లక్ష్మి, అదే ఫౌజులోని ప్రేమ్ సెహగల్ పరిచితులైరి. సెహగల్ 1945లో ఎర్రకోట విచారణ నెదుర్కొని విడుదలయ్యెను. 1947 మార్చిలో లాహోరున వారు వివాహమాడిరి. అట్టి దంపతుల పటములలో ఇద్దరి బిళ్లలును చదువదగినవే.

రెండవది పత్రము. సైన్యమునుండి విడుదలైనవానికి ఇచ్చు పుస్తకము, పింఛను కాగితము, పతకముపై చెక్కిన సంఖ్య, వీటిలో ఏ ఒక్కటి దొరకినను దారి తెరచుకొనును. సైనికుని సంఖ్య తెలిసినచో ఆ దళపు రికార్డు ఆఫీసుకు వ్రాయవచ్చును. మద్రాసు రెజిమెంటు కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనున, కుమావూ రెజిమెంటు కేంద్రము రాణీఖేతున కలవు. దారి తెలియనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున అడుగవచ్చును. యుద్ధమున మరణించినవారి పేర్లను కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము భద్రపరచుచున్నది. సింగపూరులోని క్రాంజీ స్మారకమున 24,000 పైచిలుకు పేర్లు చెక్కబడియున్నవి. సమాధియైనను దొరకనివారి పేర్లవి.

మూడవది మనిషి. పత్రము నూరేండ్లు ఆగును, మనిషి ఆగడు. పటములోని ముఖములను గుర్తింపగల చివరి ముసలమ్మ పోయిననాడు ఆ పటము మూగదగును. ఆమె బ్రతికి యుండగానే ప్రక్కన కూర్చుండి అడుగవలెను. నీ తండ్రి ఎవరని కాక, ఈ కుర్చీ ఎవరి యింటిది, ఈ చీర ఎవరు కొనిరి అని అడిగినచో జ్ఞాపకము సులభముగా కదలును.

ఇక ధర్మసూక్ష్మము. సంస్థల ద్వారా దత్తతకు పోయిన బిడ్డ పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట తన మూలములను తెలిసికొనుటకు దత్తత సంస్థనుగాని, కేంద్ర దత్తత ప్రాధికార సంస్థనుగాని అడుగవచ్చును. అడుగుట ఆ బిడ్డకే చెల్లును, పరాయివారికి చెల్లదు. బిడ్డను అప్పగించునప్పుడు కన్నవారు తమ పేరు మరుగుపరచుమని కోరియున్నచో వారి సమ్మతి లేక చెప్పరు. ఈ నియమము కఠినమని కొందరు తలతురు. కాని కుంతి భయమును తలచుకొనుడు. లోకము చెడ్డమాట అనునని పదునెనిమిదేండ్ల పిల్ల బిడ్డను విడిచినది. అరువదేండ్ల పిమ్మట ఆమె గృహస్థురాలై, మనుమలు గలదై యుండవచ్చును. బిడ్డకు తెలిసికొను హక్కు కలదు. తల్లికి మౌనముగా నుండు హక్కును కలదు. ఈ రెంటి నడుమ ఉత్తరము వ్రాయవచ్చును, తలుపు విరుగగొట్టరాదు.

ఈ బొగ్గుబెల్టులో ఈ మాటలు చెప్పుటకు కారణము కలదు. సింగరేణి సంస్థ 1920లో ఆ పేరు ధరించినది. రామగుండము, గోదావరిఖని గనులకు ఎన్నో జిల్లాలనుండి, ఇతర రాష్ట్రములనుండి జనులు వచ్చిరి. సైన్యమున పనిచేసి వచ్చినవారును వారిలో కలరు. ప్రతి కుటుంబము వెంట ఒక ఇనుప పెట్టె వచ్చినది. కార్మికుడు పదవీ విరమణ చేసిననాడు కంపెనీ క్వార్టరు ఖాళీచేయవలెను. ఆనాడు బండికెక్కునవి మంచములు, పాత్రలు. చెదలు తిన్న పటములు చెత్తకుప్పకు పోవును. ఆ కుప్పలో ఎవరి తండ్రి యున్నాడో, ఎవరి తల్లి యున్నదో ఎవరెరుగుదురు?

కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయమువారికి ఒక విన్నపము. బీరువాలో ఒక అర పాత ఛాయాచిత్రములకై కేటాయింపుడు. క్వార్టరు విడుచు ప్రతి కుటుంబమును ఒక్కసారి పటములతో గ్రంథాలయమునకు రమ్మనుడు. ప్రతి పటము వెనుక మెత్తని సీసపు కడ్డీతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయించుడు. సిరాతో వ్రాసినచో ముందుకు ఊరును. జిగురుతో అంటింపక కాగితపు కవరులో పెట్టుడు. పేరు తెలియనిచో తెలియదనియే వ్రాయుడు, ఊహించి వ్రాయకుడు. ఒక తప్పు పేరు ఒక బిడ్డను జీవితమంతయు పెడదారి పట్టించును.

పుస్తకములు పెద్దల మాటలను దాచినట్లే ఈ అర పెద్దల ముఖములను దాచును. ఏనాడో ఏ ఊరినుండియో ఒకరు వచ్చి ఆ కవరు తెరచి, వెనుకనున్న పేరు చదివి, ఊపిరి బిగబట్టి నిలుచునప్పుడు గ్రంథాలయము చేసిన పని సార్థకమగును.