వాకిలి తెరిచే తీరు



ఇంటికి వచ్చినవారిని డబ్బు అడగడమంటే మన తెలుగువారికి నామోషీ. కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, అన్నం పెట్టి పంపడమే మనకు తెలిసిన మర్యాద. అటువంటప్పుడు ఒక దేశం తనను చూడవచ్చినవారిని, "మీరు ఇక్కడ ఉండే ప్రతి రాత్రికీ ఇంత చెల్లించండి" అని అడిగితే అది మర్యాదేనా? ఈ ప్రశ్న గురించి మీతో నాలుగు మాటలు చెబుతాను. ఇది మనకు సంబంధించిన ప్రశ్నే. మన మారిషస్ జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. 2024లో మన ద్వీపానికి వచ్చిన పర్యాటకులు పదమూడు లక్షలు దాటారు. ఇంటివారికంటె అతిథులే ఎక్కువైన ఇల్లు మనది.

ఈ విషయంలో ఎంతోకాలంగా తనదైన దారిలో నడుస్తున్న దేశం భూటాన్. ముందుగా ఆ దేశం సంగతి తెలుసుకుందాం.

భూటాన్ హిమాలయాలలో, భారతదేశానికీ టిబెట్టుకూ నడుమ ఉన్న చిన్న రాజ్యం. అక్కడి జనాభా ఎనిమిది లక్షల లోపే. ఆ దేశం విదేశీ పర్యాటకులకు తలుపు తెరిచింది 1974లో. జిగ్మే సింగే వాంగ్‌చుక్ రాజుగారి పట్టాభిషేకం జరిగిన సంవత్సరం కూడా అదే. వచ్చేవారు కొద్దిమందే అయినా వారివల్ల దేశానికి కలిగే మేలు ఎక్కువగా ఉండాలని ఆనాటి పెద్దలు నియమం పెట్టుకున్నారు. దానికి కారణం లేకపోలేదు. అక్కడి ఊళ్లు ఇరుకు లోయలలో, కొండవాలులలో ఉంటాయి. ఒక్కసారిగా వేలమంది వచ్చిపడితే నీరు చాలదు; చెత్త వేయడానికి చోటు దొరకదు; కాలిబాటలు కోసుకుపోతాయి. పైగా, దేశ భూభాగంలో నూటికి 60 వంతులు ఎల్లకాలమూ అడవిగానే ఉండాలని 2008 నాటి వారి రాజ్యాంగం శాసిస్తున్నది.

ఈ నియమాన్ని నిలబెట్టడానికి వారు వాడే సాధనమే సుస్థిర అభివృద్ధి రుసుము. ఇప్పుడు దూరదేశాల పర్యాటకుడు రాత్రికి 100 అమెరికన్ డాలర్లు చెల్లించాలి. భారతీయుడైతే రాత్రికి 1,200 రూపాయలు. ఆరేళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. ఆరు నిండి పన్నెండు నిండని పిల్లలకు సగం.

ఒక లెక్క వేద్దాం. తల్లి, తండ్రి, పదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి అయిదు రాత్రులు భూటాన్‌లో ఉన్నారనుకోండి. ఆ కుటుంబం మన మారిషస్ నుంచి వెళితే పెద్దలకు 1,000, అమ్మాయికి 250, మొత్తం 1,250 డాలర్లు కట్టాలి. అదే కుటుంబం విశాఖపట్నం నుంచి వెళితే 15,000 రూపాయలతో సరిపోతుంది. ఇద్దరూ తెలుగువారే, ఒకే భాష మాట్లాడతారు. అయినా సరిహద్దు దగ్గర అడిగేది భాష కాదు, పౌరసత్వం. భారతదేశం భూటాన్‌కు పొరుగు, చిరకాల మిత్రదేశం. అందుకే ఆ తగ్గింపు.

ప్రవేశపత్రాల విషయంలోనూ ఇదే తేడా. మారిషస్ పౌరుడు పాస్‌పోర్టుతో దరఖాస్తు చేసి, ముందుగానే వీసా పొందాలి. భారతీయుడికి వీసా అక్కరలేదు గాని, ప్రవేశానుమతి తీసుకోవాలి. దానికి పాస్‌పోర్టుగాని, ఓటరు గుర్తింపు కార్డుగాని చాలు.

వసూలైన రుసుము ఏమవుతుంది? ఉచిత వైద్యం, ఉచిత విద్య, అడవుల పెంపకం, బాటల మరమ్మతు వంటి పనులకు వెచ్చిస్తామని భూటాన్ ప్రభుత్వం చెబుతున్నది. అయితే డబ్బిచ్చినా తెరుచుకోని తలుపులు కూడా అక్కడ ఉన్నాయి. గంగ్‌ఖర్ పుయెన్సుమ్ అనే శిఖరం 7,570 మీటర్ల ఎత్తు. ఇంతవరకు ఎవరూ ఎక్కని శిఖరాలలో ప్రపంచంలో అదే అతి ఎత్తయినదంటారు. అక్కడివారు ఎత్తయిన శిఖరాలను దేవతల నివాసాలుగా భావిస్తారు. అందుచేత 1994లో 6,000 మీటర్లకు మించిన శిఖరాలు ఎక్కడాన్ని, 2003లో పర్వతారోహణను పూర్తిగా నిషేధించారు. మన ఇంటికి వచ్చిన చుట్టానికి ఎంత మర్యాద చేసినా, చెప్పులతో దేవుడి గదిలోకి రానివ్వం కదా!

ఇంతవరకు విని, రుసుము ఎంత పెంచితే అంత మంచిదని మీరు అనుకోవచ్చు. అలా అనుకోవడం పొరపాటు. 2019లో భూటాన్‌కు 3,15,000 మందికి పైగా పర్యాటకులు వచ్చారు. వారిలో మూడింట రెండు వంతులకు పైగా భారతీయులు. అప్పట్లో వారికి రుసుమే లేదు. రద్దీ పెరగడంతో 2020లో వారికీ రుసుము విధించారు. అంతలో కోవిడ్ వచ్చి దేశం తలుపులు మూసుకున్నది. తిరిగి 2022 సెప్టెంబరు 23న తెరిచేటప్పుడు, దూరదేశాలవారికి 65 డాలర్లున్న రుసుమును ఏకంగా 200 డాలర్లు చేశారు. అనుకున్నంతమంది రాలేదు. మార్గదర్శకులకు, హోటళ్లవారికి, కార్లు నడిపేవారికి పని కరవయింది. చివరికి 2023 సెప్టెంబరులో ప్రభుత్వం దానిని సగానికి, అంటే 100 డాలర్లకు తగ్గించింది. అడవి బ్రతకాలి, ఆ అడవి ఒడ్డున ఉన్న మనిషీ బ్రతకాలి. ఈ రెండింటికీ సరిపడే కొలత ఒక్కసారిగా దొరకదు. వేసిన లెక్క తప్పితే దిద్దుకోవాలి. భూటాన్ దిద్దుకున్నది.

ఇక మన ఇంటి సంగతి. అదుపు లేని రాకపోకలవల్ల ఏమవుతుందో మన ద్వీపానికి తెలిసినంతగా మరొక చోటికి తెలియదు. మన డోడో పక్షికి మనిషి భయం తెలియదు. 17వ శతాబ్దంలో ఓడలలో వచ్చినవారు దానిని వేటాడారు. వారితో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు దాని గుడ్లను తిన్నాయి. మనిషి వచ్చి స్థిరపడిన వంద సంవత్సరాల లోపే ఆ పక్షి లోకంలో లేకుండా పోయింది. ఇప్పుడు అది మన రాజముద్రపై బొమ్మగా మిగిలింది. 2020లో వాకాషియో అనే ఓడ మన ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బపైకి ఎక్కి, నూనె ఒలికించినప్పుడు, చెరకు ఆకులతో, పాత బట్టలతో అడ్డుకట్టలు కుట్టి మన జనమే సముద్రంలోకి దిగారు. ఆ తీరం చూడడానికే పర్యాటకుడు వస్తున్నాడు. దానిని పాడుచేసుకోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

2025 అక్టోబరు 1 నుంచి మన దేశం కూడా విదేశీ పర్యాటకుల నుంచి రాత్రికి 3 యూరోల రుసుము తీసుకుంటున్నది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు లేదు. భూటాన్ రుసుముతో పోలిస్తే ఇది చాలా చిన్నది. అంత చిన్న మొత్తం రద్దీని తగ్గించదు. అయితే లక్షలమంది ఇచ్చే చిన్న మొత్తాలు కలిస్తే పెద్ద నిధి అవుతుంది. ఆ నిధి పగడపు దిబ్బలకూ ఇసుక తీరాలకూ చేరుతున్నదా అని అడగవలసినవారు పౌరులు. రేపటి పౌరులు మీరే.

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. అతిథిని రుసుము అడగడం మర్యాదకు లోపం కాదు. తీసుకున్న డబ్బుతో ఇల్లు శుభ్రంగా ఉంచకపోవడమే లోపం. ఈ ఆదివారం సముద్రపు ఒడ్డుకు వెళ్లినప్పుడు ఇసుకలో పడి ఉన్న చెత్తను ఒకసారి గమనించండి. అందులో అతిథులు వేసింది ఎంత, మనం వేసింది ఎంత? నిజాయితీగా లెక్కపెట్టి, తెలుగులో పది వాక్యాలు రాసి తీసుకురండి. తరగతిలో అందరం కలిసి చదువుకుందాం.