చెత్త వేరు చేయడం – మన సంఘాల బాధ్యత
(సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, వాయిదాల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. ఇప్పుడు కాసేపు చెత్త గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో చెత్త ఎత్తేది, బండికి అందించేది, వీధి ఊడ్చేది ఎక్కువగా ఆడవాళ్లమే కాబట్టి ఇది మన మాటే.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలు, మున్సిపాలిటీల కోసం 18 పనులు రాసింది. మంచినీళ్లు, పారిశుద్ధ్యం, చెత్త, పర్యావరణ రక్షణ వాటిలో ఉన్నాయి. మన విశాఖలో ఆ పనులు కళ్లకు కనబడుతున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి చెట్లు కూలిపోతే మళ్లీ నాటుకున్నాం. ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. దానికి వేరే భూమి అక్కర్లేదు, పలకల కింద నీళ్లు ఆవిరవడం కూడా తగ్గుతుంది. 2022 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 10 లక్షలు దాటిన నగరాల్లో మనకి నాలుగో ర్యాంకు వచ్చింది. సంతోషమే. అయితే ర్యాంకు నిలబడాలంటే మన గుమ్మం దగ్గర పని సరిగా జరగాలి.

ప్రతి ఇల్లూ తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తను వేరు చేసి ఇవ్వాలని 2016 చెత్త నిర్వహణ నియమాల్లోనే పెట్టారు. ప్యాడ్లు, డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలి. ఎందుకంటే అన్నం, కూర తొక్కలు విడిగా ఉంటే ఎరువవుతాయి. అట్టముక్క, సీసా పొడిగా ఉంటే అమ్ముడుపోతాయి. రెండూ కలిస్తే రెండూ పాడే. తడి చెత్త కుప్పలో కుళ్లి మంటలంటుకునే గ్యాస్ పుడుతుంది, మురికి రసం భూమిలోకి దిగుతుంది. కాపులుప్పాడలో చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది కదా అంటారు. తడిసిన చెత్త సరిగా మండదు తల్లీ, పొయ్యి దగ్గర కూర్చునే మనకి అది వేరే చెప్పాలా? అన్నిటికన్నా ముఖ్యం, మనం కలిపి పడేసిన గాజుపెంకు, సూది గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికురాలి చేతికే.

ఇక ప్లాస్టిక్ సంగతి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, గ్లాసుల వంటివి దేశమంతా నిషేధం. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి కవర్లూ నిషేధమే. ఇవి గెడ్డల్లో అడ్డం పడితే వానాకాలం నీళ్లు ఇళ్లలోకొస్తాయి, కొట్టుకుపోతే సముద్రంలో తేలతాయి. మన సంఘాలు గుడ్డసంచులు కుడుతున్నాయి, మంచిదే. కానీ కవరు ఊరికే ఇస్తుంటే సంచి ఎవరు కొంటారు? అందుకే ముందు మనమే సంచి పట్టుకెళ్లాలి, చేపలకి స్టీలు డబ్బా పట్టుకెళ్లాలి.

చివరిగా ఒక్క మాట. చెత్త ఏరుకుని బతికే ఆడవాళ్లున్నారు. ఇంటింటికీ బండి వచ్చాక వాళ్లకి దొరికే అట్ట, సీసా తగ్గిపోతుంది. వాళ్లని సంఘాలుగా కట్టించి, గుర్తింపు కార్డులిచ్చి, ఈ పనిలో కలుపుకోవాలని ఆ 2016 నియమాల్లోనే రాశారు. నగరం శుభ్రపడుతుంటే వాళ్ల పొయ్యి ఆరిపోకూడదు. ఒకప్పుడు బ్యాంకు గుమ్మం ఎక్కడానికే భయపడిన మనం ఈ రోజు లోన్లు తీసుకుని తీర్చుకుంటున్నామంటే సంఘం వల్లనే. ఆ ధైర్యం వాళ్లకీ దక్కాలి.

అందుకని ఈ సభ మూడు తీర్మానాలు చేయాలని కోరుతున్నాం. సభ్యులందరి ఇళ్లలో చెత్త వేరు చేయాలి, నెలవారీ మీటింగులో దాని మీదా ఒక మాట అడగాలి. ప్రతి వార్డులో చెత్త ఏరే ఆడవాళ్లతో సంఘం కట్టించాలి. పొడి చెత్త వేరు చేసే పని వాళ్లకే ముందు ఇవ్వాలని అధికారులకు అర్జీ పెట్టాలి.