బ్రూజ్ లేసు, నరసాపురం లేసు

(సికింద్రాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)



బెల్జియంలో ఏం చూశావు, ఏం తిన్నావు అని అందరూ అడుగుతున్నారు. బ్రూజ్ కాలువలు బాగున్నాయి. వేయించిన బంగాళాదుంపలు తిన్నాను, కారం లేదుగానీ ఫరవాలేదు. ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం లేసు మ్యూజియంలో. దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కొయ్య కండెలు అటూ ఇటూ మారుస్తూ అల్లుతారక్కడ. ఆ పనికి ఓ మ్యూజియం!

మన నరసాపురం స్త్రీలు క్రోషే సూదితో అల్లిన లేసు దశాబ్దాలుగా విదేశాలకు ఎగుమతి అవుతోంది. వాళ్ళని మాత్రం తీరిక వేళ అల్లుకునే గృహిణులన్నారు. అది తీరిక కాదు, గంటల తరబడి చాకిరీ అని 1982లో మరియా మీస్ తన పుస్తకంలో చూపించింది. ఇంటిపట్టున చేసేదీ పనేనంటూ 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక చేసింది. భారత ప్రభుత్వం నేటికీ దాన్ని ఆమోదించలేదు. ఎందుకని మనం గట్టిగా అడగాలి.