మందు మధ్యలో ఆగకూడదు



పండుగ వేళ జబ్బు మాట ఎత్తుతున్నాం, ఏమనుకోవద్దు. ఇది మా హాస్టల్‌లో జరిగింది. ఆరో తరగతి పాపకు జ్వరం తగ్గలేదు, చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఇంటికి పంపించాం. హైదరాబాద్‌లో పరీక్షలు చేసి రక్త క్యాన్సర్ అన్నారు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స మొదలైంది. నాలుగు నెలలకు పాప ముఖం తేటపడింది. అంతే, ఇంటివాళ్లు మళ్లీ ఆసుపత్రికి పోలేదు.

మూడు నెలలు మేము హాజరు పట్టీలో గైర్హాజరు రాశాం తప్ప, ఎందుకు రాలేదని అడగలేదు. చివరికి ఊరికి వెళ్తే వాళ్ల నాన్న ఒకే మాట అన్నాడు: "మందులకు పైసలడగలేదు మేడం. ఆడ ఉండేటందుకే పైసల్లేవు."

మేము తలదించుకున్నాం.

లెక్క చూడండి. ఆరోగ్యశ్రీలో 2023 డిసెంబరు నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల వరకు వైద్యం ఉంది. ఎక్స్‌ప్రెస్ బస్సులో తల్లికి, పాపకు టికెట్ లేదు. కానీ తండ్రి చార్జీ, గది అద్దె, పూటపూటా తిండి ఎవరిస్తారు? తల్లి ఆసుపత్రిలో కూర్చుంటే పత్తి ఎవరు ఏరతారు? 1/70 చట్టం వల్ల మన భూమి నిలిచింది. అందుకే కష్టమొస్తే ముందు ఎడ్లు పోతాయి, తర్వాత ఏరని పత్తి సావుకారు పేరున పోతుంది. ఆ ఇంట్లో రెండూ పోయాయి.

పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు మందు రెండేళ్లకు పైగా నడవాలి. జ్వరం తగ్గడం, జబ్బు పోవడం ఒకటి కాదు. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మా పాపకు తిరగబెట్టింది. ఇప్పుడు మొదటి నుంచి మళ్లీ చికిత్స. ఈసారి ఊరి యువకులే వంతులవారీగా తోడు వెళ్తున్నారు.

చదువుకున్న మీరు చేయగలిగినవి చెబుతాం. ఊళ్లో ప్రతి పిల్లవాడి పేరు రేషన్ కార్డులో, ఆధార్‌లో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. జబ్బు వచ్చాక సరిచేయాలంటే రోజులు పోతాయి. రైలులో క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ చార్జీలో రాయితీ ఉంది, ఆసుపత్రి కాగితం అడిగి తీసుకోండి. 18 ఏళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్నవారు రక్తం ఇవ్వండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, దాతలు ఎప్పుడూ కావాలి. వాళ్లు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు వాళ్ల చేను మీరు దున్నండి, పత్తి మీరు ఏరండి. మన పెద్దలు ఒకరి చేనుకు ఒకరు సాయం పోయినవాళ్లే కదా.

ఒక్క మాట గుర్తుంచుకోండి. హాస్టల్‌లోనైనా ఊళ్లోనైనా ఒక పిల్ల కనబడకపోతే, ఆ రోజే ఆ ఇంటికి వెళ్లి అడగండి. మేము మూడు నెలలు ఆలస్యం చేశాం.

జై సేవా.